ఇల్లు గడవాలంటే నెలకు ఎన్ని జాకెట్లు కుట్టాలి?

నెలకు 4,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో భర్త పోయిన ఆడవాళ్లకూ, భర్త వదిలేసిన ఆడవాళ్లకూ ఎన్టీఆర్ భరోసా కింద అందుతున్న పింఛను ఇది. 2024 జులైకి ముందు 3,000 ఉండేది. కోనసీమలో, అల్లవరం మండలంలోని ఏదో ఒక ఊళ్లో, ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లిని ఊహించుకోండి. ఉండడానికి ఇల్లుంది, కార్డు మీద బియ్యం వస్తాయి. అయినా పప్పూ ఉప్పూ, నూనె, గ్యాసు, కరెంటు, మందులు, పిల్లల పుస్తకాలు, డ్వాక్రా వాయిదా అన్నీ కలిపితే నెలకు 12,000 లేకుండా నెట్టుకురావడం కష్టం. పింఛను తీసేస్తే ఇంకా 8,000 కావాలి.

ఆ 8,000 మాట వచ్చేసరికి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే సలహా ఎప్పుడూ ఒకటే. "మిషను నేర్చుకోవే అమ్మాయ్, ఇంటి పట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు." ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ, చర్చిల వాళ్లూ, లయన్స్ క్లబ్బుల వాళ్లూ అదే మాట నమ్మి కుట్టు మిషన్లు పంచుతున్నారు. మాట మంచిదే. మిషను కుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ మిషను చేతికొచ్చిన రోజుకూ 8,000 చేతికొచ్చే రోజుకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో లెక్క వేసి చూడాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

మిగతా దారులు ఏమున్నాయో ముందు చూద్దాం. అల్లవరం సముద్రపు అంచు మండలం. ఓడలరేవు దగ్గర వైనతేయ గోదావరి సముద్రంలో కలుస్తుంది. కొబ్బరి తోటలు, వరి చేలు, రొయ్యల చెరువులు, చేపల వేట ఉన్నాయి. ఆడవాళ్లకు దొరికే పని వీటి చుట్టూనే తిరుగుతుంది. పీచు పని, రొయ్యల పని, నాట్లు, కోతలు ఏ కాలానికి ఆ కాలం వచ్చిపోయేవే. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. 100 రోజులూ పూర్తిగా పని దొరికినా ఏడాదికి 30,700. నెలకు పంచితే 2,560కి కాస్త తక్కువ.

ఇంకో దారి గల్ఫ్. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు కోనసీమలో చాలామంది ఉన్నారు. పదో తరగతి చదవని ఆడవాళ్లు ఇంటిపని కోసం ఆ దేశాలకు వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలని కేంద్రం నిబంధన పెట్టింది. 24 ఏళ్లకే ఒంటరిదైన తల్లికి చట్టప్రకారం ఆ దారి లేదు. దొంగదారిన పంపే ఏజెంట్లున్నారు, వాళ్ల చేతిలో పడినవాళ్ల కష్టాలు అందరికీ తెలిసినవే. వయసు సరిపోయినా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి రెండేళ్లు, నాలుగేళ్లు వెళ్లిపోవాలి. తండ్రి లేని పిల్లలకు తల్లి కూడా దూరమవుతుంది. కుట్టుపనిలో వచ్చే డబ్బు గల్ఫ్ జీతం ముందు చిన్నదే అయినా, ఈ ఒక్క కారణం చాలు దాన్ని గట్టిగా పట్టించుకోవడానికి.

ఇలాంటి తల్లులు ఎందరు? ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని ఇళ్లలో 4.5 శాతం ఒంటరి తల్లులు నడుపుతున్నవే. అంటే దాదాపు 1.3 కోట్ల ఇళ్లు. ఇంకా 3.2 కోట్ల మంది తల్లులు పుట్టింట్లోనో అత్తింట్లోనో తలదాచుకుంటున్నారని అదే నివేదిక అంచనా. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. రేషన్ కార్డు తండ్రి పేరునో అన్న పేరునో ఉంటుంది కాబట్టి, లెక్కల్లో ఆమె ఒక కుటుంబ యజమానురాలిగా కనిపించదు. ఇంకో అంకె మరీ బాధ పెడుతుంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఉన్న ఇళ్లలో పేదరికం 22.6 శాతం ఉంటే, ఒంటరి తల్లి ఇళ్లలో 38 శాతం.

కోనసీమ తీరానికి ఈ ఒంటరి తల్లుల కష్టంతో పాత పరిచయం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగిరాని మగవాళ్లు ఎందరో. ఒక్క రాత్రిలో ఇల్లు మొత్తం నెత్తిన పడ్డ ఆడవాళ్లు అప్పటికి పాతికేళ్లవాళ్లు, ముప్పై ఏళ్లవాళ్లు. వాళ్లకు సాయం వచ్చింది, ఇళ్లొచ్చాయి. నెలనెలా వచ్చే సంపాదన మాత్రం ఎవరికి వాళ్లు వెతుక్కోవలసి వచ్చింది.

360 గంటలు

ఇప్పుడు ప్రభుత్వ పథకం లెక్కకొద్దాం. 2025 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు మార్కాపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు కుట్టుశిక్షణ, ఉచిత మిషన్ల పథకాన్ని మొదలుపెట్టారు. మొత్తం లబ్ధిదారులు 1,02,832 మంది. అందులో బీసీలు 46,044, ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల వాళ్లు 45,772, కాపులు 11,016. ఖర్చు 255 కోట్లు. మనిషికి పంచితే 25,000కు కాస్త తక్కువ. శిక్షణ 360 గంటలు. 70 శాతం హాజరుంటేనే మిషను, అంటే కనీసం 252 గంటలు కూర్చోవాలి.

ఈ మూడు వరుసల్లో ఎస్సీ మహిళల వరుస లేదని గమనించండి. కోనసీమలో ఎస్సీ జనాభా ఎక్కువ. ఆ తల్లులు ఈ పథకం బయట వేరే దారి వెతుక్కోవాలి. అలాగే ఒంటరి తల్లులకు విడిగా ఒక వరుస కూడా లేదు. సంపాదించే భర్త ఉన్న ఆమె, ఎవరూ లేని ఆమె ఒకే దరఖాస్తు పట్టుకుని ఒకే క్యూలో నిలబడాలి. నా దృష్టిలో ఇది పథకంలోని పెద్ద లోపం. లక్ష మందిలో పదో వంతు స్థానాలు ఒంటరి తల్లులకు ముందుగా పక్కన పెట్టినా 10,000 ఇళ్లకు ఆసరా దొరికేది.

360 గంటల్లో ఏం వస్తుంది? తొక్కడం, దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, నిటారుగా కుట్టు వేయడం వారం పదిరోజుల్లో వచ్చేస్తాయి. తర్వాత లంగా, నైటీ, చంటిపిల్లల గౌను. ఆ తర్వాత పంజాబీ డ్రెస్సు. చివర్లో జాకెట్టు. డబ్బులన్నీ ఆ చివరి మెట్టు మీదే ఉన్నాయి.

జాకెట్టు ఎందుకంత కష్టమో దగ్గరికెళ్లి చూడాలి. ఛాతీ కొలత 36 అంగుళాలు అనుకుందాం. కత్తిరించేటప్పుడు బట్ట మడత పెట్టి నాలుగో వంతు లెక్కన గీస్తారు. అంటే 9 అంగుళాలు, దానికి కుట్టు కోసం, రేపు వదులు చేసుకోవడం కోసం మరో అంగుళమున్నరో రెండో. సుద్దముక్కతో గీసిన ఆ గీత దగ్గర పావంగుళం తేడా వచ్చిందంటే నాలుగు భాగాలూ కలిసేసరికి అంగుళం తేడా అవుతుంది. అంగుళం తేడా వచ్చిన జాకెట్టు ఎవరూ వేసుకోరు. చంక రౌండు లోతు ఎక్కువ తీస్తే చెయ్యెత్తగానే జాకెట్టంతా పైకి లేస్తుంది. తక్కువ తీస్తే చంక కింద పట్టేస్తుంది. మెడ వెడల్పు కాస్త పెరిగితే భుజం జారిపోతుంది. డాట్ అరంగుళం పక్కకు పడితే ముందు భాగం ముడతలు పడుతుంది.

మామూలుగా మనవాళ్లు కొలతలివ్వరు, ఆది జాకెట్టు ఇస్తారు. ఆ పాత జాకెట్టు చూసి అలాగే కత్తిరించడం ఒక విద్య. ఆది జాకెట్టే సరిగ్గా లేనప్పుడు మనిషి ఒంటి మీద టేపు పెట్టి కొలిచి, ఎక్కడ సరిచేయాలో కనిపెట్టడం ఇంకో విద్య. శిక్షణ కేంద్రాల్లో ఒకే సైజు కాగితం నమూనా మీద అందరిచేతా కత్తిరిస్తారు. పరీక్ష పాసవుతారు. బయటికొచ్చాక మొదటి పదిమంది గిరాకీలు పదిరకాల ఒళ్లతో వస్తారు. వాళ్లలో ముగ్గురి పట్టు జాకెట్లు పాడుచేస్తే ఆ మాట సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. నాలుగో మనిషి రాదు. ఇంట్లో మూల గుడ్డ కప్పి ఉన్న మిషన్ల వెనక ఎక్కువగా ఉన్న కథ ఇదే. ఆ పిల్ల బద్ధకస్తురాలని అనుకుంటారు గానీ, కత్తెర పట్టాలంటే చెయ్యి వణికే దశలోనే ఆమె చదువు ఆగిపోయిందని ఎవరూ అనుకోరు.

అందుకే శిక్షణకు సాయం చేసేవాళ్లు ఎన్ని మిషన్లు పంచామన్న లెక్కతోపాటు ఒక్కొక్కరూ నిజమైన మనుషులకు ఎన్ని జాకెట్లు కత్తిరించారో ఆ లెక్క కూడా అడగాలి. నన్నడిగితే కనీసం 30 ఉండాలి, అవి కనీసం 15 మంది వేరువేరు మనుషులవై ఉండాలి. పాడైతే బట్ట ఖరీదు కేంద్రమే భరించాలి. మీటరు రుబియా బట్ట ఖరీదు మిషను ఖరీదు ముందు ఎంత?

ఒక వీధి లెక్క

ఇప్పుడు అసలు లెక్క. ఇందులోని ధరలు, గంటలు లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోవచ్చు.

మామూలు జాకెట్టుకు దారం, హుక్కులు పోను చేతికి 110 మిగులుతుంది, లైనింగు జాకెట్టుకు 250 మిగులుతుంది అనుకుందాం. కొత్తగా నేర్చుకున్న మనిషికి మామూలు జాకెట్టు కత్తిరింపు నుంచి హుక్కులు కుట్టేదాకా 2 గంటలు, లైనింగు జాకెట్టు మూడున్నర గంటలు పడుతుంది. రోజుకు 5 గంటలు, నెలకు 25 రోజులు కూర్చుంటే 125 గంటలు. అన్ని గంటలూ లైనింగు జాకెట్లే కుడితే 35 అవుతాయి. 35 ఇంటూ 250 అంటే 8,750. మనం వెతుకుతున్న 8,000 దాటేశాం. శిక్షణ కేంద్రాల్లో, కరపత్రాల్లో చెప్పే లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

కానీ 35 లైనింగు జాకెట్లు ఎవరిస్తారు? మన తల్లి ఉన్న పేటలో 200 ఇళ్లున్నాయి అనుకుందాం. ఇంటికి ఏడాదికి 6 జాకెట్లు కుట్టించుకుంటే మొత్తం 1,200. పేటలో ఈమెతో కలిపి ముగ్గురు మిషను కుట్టేవాళ్లుంటే మనిషికి 400, నెలకు 33. అందులో మూడింట రెండొంతులు మామూలువి. 22 మామూలు జాకెట్లకు 2,420, 11 లైనింగు జాకెట్లకు 2,750. మొత్తం 5,170. పింఛనుతో కలిపి 9,170. ఇంకా 2,830 తక్కువ.

ఇదే పేటకు వచ్చే ఏడాది పథకంలో మరో రెండు మిషన్లు వచ్చాయి. ఇప్పుడు కుట్టేవాళ్లు ఐదుగురు, జాకెట్లు మాత్రం అవే 1,200. మనిషికి నెలకు 20. 13 మామూలువి, 7 లైనింగువి అనుకుంటే 3,180 చేతికొస్తుంది. కొత్తవాళ్లు గిరాకీ కోసం పది రూపాయలు తగ్గించి కుడతారు, పాతవాళ్లూ తగ్గించక తప్పదు. అప్పుడు 3,180 కూడా నిలవదు. పేదరాలికి సాయం చేయాలని పంచిన మిషను పక్కింటి పేదరాలి గిరాకీనే చీల్చిందన్న మాట. పంచినవాళ్ల మనసు మంచిదే, కానీ పేటలో ఎన్ని ఇళ్లున్నాయో ఎవరూ చూసుకోలేదు.

ముగ్గురున్న లెక్కలోనే ఇంకో విషయం ఉంది. 22 మామూలు జాకెట్లకు 44 గంటలు, 11 లైనింగు జాకెట్లకు 38 గంటలన్నర. మొత్తం 82 గంటలన్నర. ఆమె చేతిలో ఉన్నవి 125. ప్రతి నెలా 42 గంటలు చేతులు ఖాళీగా ఉంటున్నాయి. గంటకు 62 రూపాయల పైచిలుకు సంపాదించగల పని వచ్చి కూడా పని దొరక్క కూర్చుంటోంది. కాబట్టి ఇక్కడ కావలసింది ఇంకో విడత శిక్షణ కాదు, ఆ 42 గంటలకు పని.

ఏడాది పొడవునా గిరాకీ ఒకేలా ఉండదు కూడా. శ్రావణంలో, మాఘంలో పెళ్లి ముహూర్తాలు గుమిగూడినప్పుడు, డిసెంబరులో క్రిస్మస్ బట్టల దగ్గర నుంచి సంక్రాంతి దాకా రాత్రి పదకొండింటికి కూడా మిషను చప్పుడు ఆగదు. ఆషాఢంలో, మూఢాల్లో వారం గడిచినా గుమ్మంలోకి ఎవరూ రారు. నెలకు సగటున 5,170 అని మనం కాగితం మీద రాసుకున్నది డిసెంబరులో 9,000, జులైలో 2,000 అయి వస్తుంది. పిల్లల ఆకలికి మాత్రం సీజను లేదు. దానికి తోడు అరువు. "పండక్కి ఇస్తాలే వదినా" అన్న మాటకు కాదనలేని చుట్టరికాలు మన ఊళ్లలో ప్రతి గుమ్మంలోనూ ఉంటాయి.

అప్పు లెక్క

తొక్కుడు మిషను ఉచితంగా వచ్చినా అది కుట్టే వేగానికి ఒక హద్దుంది. కరెంటు మోటారు, ఓవర్‌లాక్, జిగ్‌జాగ్ ఉంటే అదే గంటలో ఎక్కువ పని అవుతుంది, ఫాల్ కుట్టే పనీ వస్తుంది. దీనికి పెట్టుబడి కావాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణలో ఉన్నన్నాళ్లు రోజుకు 500 స్టైపెండు, పనిముట్లకు 15,000 వోచరు, హామీ లేకుండా మొదట లక్ష దాకా, అది తీర్చాక 2 లక్షల దాకా అప్పు. లబ్ధిదారు కట్టవలసిన వడ్డీ 5 శాతం. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. అన్నావదినల కార్డులో ఉన్న ఆడపడుచు ముందు తన పిల్లలతో వేరే కార్డు తెచ్చుకోవడం మంచిది.

5 శాతం అనగానే లక్షకు లక్షా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. 18 నెలల్లో తీర్చాలి కాబట్టి నెలకు దాదాపు 5,780 కట్టాలి. మన తల్లి కుట్టు సంపాదన 5,170. మొత్తం సంపాదన కట్టినా వాయిదాకు చాలదు, పింఛనులోంచి ఇంకో 600 తీయాలి. వడ్డీ చవకే, గడువు మాత్రం బిగువు. అదే 30,000 తీసుకుంటే వాయిదా నెలకు 1,735 లోపే. 18 నెలలకు కట్టే వడ్డీ మొత్తం 1,200 రూపాయలు. ఆ 30,000 ఊళ్లో నూటికి మూడు చొప్పున తెస్తే నెలకు 900, 18 నెలలకు 16,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చవక అప్పు దొరకడం ఒక అదృష్టం, దాన్ని అవసరానికి మించి తీసుకోకపోవడం ఆమెకు ఎవరైనా దగ్గర కూర్చుని చెప్పాల్సిన సంగతి. బ్యాంకు మేనేజరుకు ఆ తీరిక ఉండదు. శిక్షణ ఇచ్చేవాళ్లకు ఉండాలి.

గోదావరి అవతలి ఒడ్డు

నేర్పడం ఒకరి చేతిలో ఉండి, నూలు ఇవ్వడం, పని ఇవ్వడం, అమ్మకం ఇంకొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. ఉద్దేశం ఇదే, పేద ఆడమనిషి గౌరవంగా బతకాలని. పని బ్రహ్మాండంగా నేర్చుకున్నారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. కానీ నూలు తెచ్చేవాడు, అల్లినది తీసుకెళ్లేవాడు, అమ్మేవాడు అందరూ మధ్యవాళ్లే. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త అక్కడికొచ్చి పరిశోధించి 1982లో పుస్తకం వేసింది. రోజంతా అల్లుతున్నా ఆ ఆడవాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించడం లేదని, ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణి పొద్దుపోక చేసే పనిగా చూపి కూలి అంత తక్కువలో ఉంచారని ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఆ గుర్తింపు అల్లేవాళ్ల కూలిలో కనిపించాలి.

"ఇంటి పట్టున ఉండి నాలుగు డబ్బులు" అన్న మాటలో కూడా ఆ ప్రమాదమే ఉంది. భర్త సంపాదనకు తోడు వచ్చే నాలుగు డబ్బులు వేరు, ఆ నాలుగు డబ్బులే ఇల్లు నడపాల్సి రావడం వేరు. ఒంటరి తల్లికి కుట్టు కూలి నిర్ణయించేటప్పుడు దాన్ని చేతిఖర్చు కింద చూస్తే ఆమె ఎంత కుట్టినా తేలదు.

ఈ తేడా బాగా తెలిసిన మనిషి మన గోదావరి వైపే పుట్టింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమహేంద్రవరంలో పుట్టి, కాకినాడలో పెరిగి, చిన్నతనంలోనే జరిగిన పెళ్లి నుంచి బయటపడి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. మధ్యలో చదువాగిపోయిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమయ్యే కోర్సులు 1958లో ఆ మండలి ద్వారా వచ్చాయి. చేతిపనితోపాటు చదువు కూడా ఉంటే ఆ మనిషి ఉద్యోగానికైనా, లెక్కలు చూసుకోవడానికైనా పనికొస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. ఇవాళ్టి కుట్టు శిక్షణల్లో ఆ రెండో భాగం దాదాపు కనిపించదు. ఎవరు ఎంత బాకీ, ఏ జాకెట్టుకు ఎంత ఖర్చు, ఏ నెలలో ఎంత పక్కన పెట్టాలి అన్నది నోటుబుక్కులో రాసుకోవడం కూడా నేర్పకుండానే మిషను చేతిలో పెడుతున్నాం.

పిల్లలెక్కడ ఉంటారు?

2024 కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 289 నిమిషాలంటే ఐదు గంటలకు కాస్త తక్కువ. ఒంటరి తల్లికి ఆ 88 నిమిషాల సాయం కూడా లేదు. పైన లెక్కలో ఆమె 5 గంటలు మిషను మీద కూర్చుంటుందని తేలిగ్గా రాశాను. ఆ 5 గంటలు దొరికేది చిన్నపిల్లను అంగన్‌వాడీలో, పెద్దవాణ్ని బడిలో దింపి వచ్చాకే. అంగన్‌వాడీ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా. వేసవి సెలవుల్లో పెద్దవాడు ఇంట్లోనే ఉంటాడు.

అందుకే శిక్షణ ఎక్కడ, ఏ వేళ అన్నది చిన్న విషయం కాదు. అమలాపురంలో ఉదయం 8 గంటలకు తరగతి అంటే అల్లవరం మండలంలోని బెండమూర్లంక నుంచి ఒంటరి తల్లి రాలేదు. నెలరోజులు అక్కడే ఉండి నేర్చుకునే శిక్షణ సంస్థల్లో భోజనం, వసతి ఉచితమే, రెండేళ్ల పిల్లతో ఎలా ఉండడం? 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. అమలాపురం వెళ్లి దారాలు, లైనింగు బట్ట టోకు ధరకు తెచ్చుకోవడానికి అది నిజంగా పనికొచ్చే సాయం. తరగతి వేళ పదింటికి మారిస్తే, పక్కన పిల్లల్ని చూసుకునే ఒక ఆయమ్మను పెడితే 70 శాతం హాజరు ఒంటరి తల్లికి కూడా అందుతుంది. ఆయమ్మ జీతం మూడు నెలలకు ఎంతవుతుందో లెక్కేసి, 30 మంది తల్లులకు పంచి చూడండి. నెలకు 9,000 చొప్పున 27,000. మనిషికి 900. మనిషికి 25,000 ఖర్చయ్యే పథకంలో 900 దొరకదా?

42 గంటల పని

ఖాళీగా ఉన్న గంటలకు పని ఎక్కడుంది? తెలంగాణలో ప్రభుత్వ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, జతకు 75 రూపాయల కూలి. మన దగ్గర పిల్లలకు మూడు జతల బట్ట ఇచ్చి కుట్టుకూలి విడిగా ఇచ్చే పద్ధతి ఉంది. కాబట్టి ఒక్కో తల్లీ ఒక్కో టైలరు దగ్గరికి పోతుంది, చాలామంది రెడీమేడు చూసుకుంటారు. ఒక బడిలో 100 మంది పిల్లలుంటే 300 జతలు. తెలంగాణ కూలి లెక్కన 22,500. పదిమంది తల్లుల జట్టు తీసుకుంటే మనిషికి 30 జతలు, 2,250. జతకు గంటన్నర అనుకుంటే 45 గంటలు. మన ఖాళీ గంటలకు ఇంచుమించు సరిపోయింది.

కానీ ఒక్క నెలకే. యూనిఫాం ఏడాదికోసారి. మిగతా పదకొండు నెలలకు హాస్టళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, అల్లవరం మండలంలోనే ఉన్న గోడి గురుకులం లాంటి చోట్ల పిల్లల నైట్‌డ్రెస్సులు, ఆసుపత్రుల గుడ్డలు, చీరల షాపులకు లంగాలు, ఫాల్ పని ఉంటాయి. బండారులంకలో నేసిన చీర కొన్న మనిషికి అక్కడే ఫాల్ వేసి, లంగా కుట్టి ఇవ్వగలిగితే అదీ ఒక గిరాకీయే. ఇవి ఒక్కో మనిషి ఇంటింటికీ తిరిగి తెచ్చుకోగల పనులు కావు. పదిమంది ఒక షెడ్డులో కూర్చుని, ఒకరు కత్తిరించి, ఒకరు ఓవర్‌లాక్ చేసి, ఒకరు కాజాలు తీస్తే అయ్యే పనులు. పది ఇళ్లకు పది మిషన్లు పంచే డబ్బుతో అలాంటి షెడ్డు ఒకటి నడపొచ్చు. పిల్లలు ఆ పక్కనే ఆడుకుంటారు. పదో జాకెట్టు దగ్గర చెయ్యి వణికితే పక్కన చూపించే మనిషి ఉంటుంది.

మన రాష్ట్రంలో బడులు జూన్ 12న తెరుస్తారు. పిల్లలు మొదటి రోజే కొత్త బట్టలు వేసుకోవాలంటే బట్ట ఏప్రిల్ నెలాఖరుకల్లా ఊరికి చేరాలి, కొలతలు బడి మూసే ముందే తీసుకోవాలి, మే నెలంతా కుట్టుకోవాలి. మే ఎండల్లో ఉపాధి పనికి పోలేని తల్లులకు అదే పని నెల. పది బడుల కూలిని మండల సమాఖ్య చేతిలో పెడితే చాలు, 100 మంది తల్లులకు ఆ ఏడాది మే నెల గడిచిపోతుంది. ఈ వేసవికి ఆ పని ఎవరికిస్తారో మండల విద్యాశాఖ, డ్వాక్రా సమాఖ్య ఫిబ్రవరిలోనే కూర్చుని తేల్చుకోవాలి.